గాజు పలకపై ఆకాశము

1887లో పారిసులో సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీయ నిశ్చయించిరి. అందులో కొంత భాగము హైదరాబాదు నిజామియా వేధశాల తీసినది. వారు వాడినవి గాజు పలకలు. ఫిల్ము కొంచెము ముడుచుకొన్నను నక్షత్రముల కొలత తప్పును గదా!

పలకపై 1 మిల్లీమీటరు ఆకాశమున డిగ్రీలో 60వ వంతునకు సమానము. ఒక్కొక్క పలకలో 2 డిగ్రీల చతురస్రము ఇమిడెను. అదే దూరదర్శినికి 24×36 మి.మీ. ఫిల్ము అమర్చినచో అంత మేరకు సుమారు 17 చిత్రములు కావలెను. వాటిని అతుకుటయే పెద్ద చిక్కు.

1969లో కనుగొన్న సి.సి.డి. అను ఎలక్ట్రానిక్ గ్రాహకము మసక తారలను పట్టుటలో పలకను మించినది. కాని నూరేండ్ల నాటి ఆకాశమును అది తీయలేదు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల తారల కదలికలను లెక్కించుటకు, ఉపగ్రహపు కొలతలతో పోల్చిన పాత కొలతలలో హైదరాబాదు పలకలవియు ఉన్నవి.