బీకే చౌక్ పేరు వెనక

ఢిల్లీ నుంచి మధుర వెళ్ళే రోడ్డు మీద బదర్‌పూర్ దాటగానే హర్యానాలోని ఫరీదాబాద్ వస్తుంది. ఆ ఊళ్ళో కూడళ్ళ పేర్లు వినండి. బాటా చౌక్, హార్డ్‌వేర్ చౌక్, నీలం చౌక్, ఎన్.హెచ్.పి.సి. చౌక్, బీకే చౌక్. ఒకటి చెప్పుల ఫ్యాక్టరీ పేరు, ఒకటి సినిమా హాలు పేరు, ఒకటి జలవిద్యుత్ సంస్థ పేరు. వీటిలో ఏ దేవుడూ లేడు, ఏ బాబా లేడు. విజయవాడలో మన నాస్తిక కేంద్రం ఉన్నది కూడా బెంజ్ సర్కిల్ దగ్గరే కదా. అదీ మోటారు కంపెనీ పేరే. దారి గుర్తుకు కంటికి కనిపించేదాన్నే జనం పేరుగా పెట్టుకుంటారు.

పై వరసలో బీకే ఒక్కటే మనిషి పేరు. బీకే అంటే బాద్షా ఖాన్. సరిహద్దు గాంధీ అని మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్న ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. పెషావర్ దగ్గర పుట్టిన పఠాన్ ముస్లిం పేరు హర్యానాలోని ఒక కూడలికి ఎలా వచ్చింది? పెట్టినవారెవరు? హిందువులు, సిక్కులు. అదీ మత కల్లోలంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారు. మత రాజకీయాలు చేసేవారికి ఈ సంగతి మింగుడు పడదు. అందుకే వివరంగా చెప్పుకోవాలి.

ముందు చౌక్ సంగతి. అక్కడ పెద్ద ఆస్పత్రి ఉంది, మునిసిపల్ కార్పొరేషన్ ఆఫీసు ఉంది. పొద్దున్నే రోగులు, అర్జీలు పట్టుకున్నవారు, మందుల షాపులు, పళ్ళ బండ్లు, షేర్ ఆటోలు. టాంగాలు పోయి ఆటోలు వచ్చాయి. ఇప్పుడు వాటి మధ్య బ్యాటరీ రిక్షాలు దూరుతున్నాయి. మెట్రో రైలు 2015 సెప్టెంబరులో ఈ ఊరికి వచ్చింది. కానీ అది రైలు పట్టాలకు అవతల మధుర రోడ్డు వెంట పోతుంది. నీలం చౌక్ దగ్గరో బాటా చౌక్ దగ్గరో దిగి, వంతెన మీదుగా ఇవతలికి రావాలి. ఈ ఇవతలి భాగాన్ని ఎన్.ఐ.టి. అంటారు. మనకు ఆ మాట వింటే వరంగల్ కాలేజీ గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం కొత్త పారిశ్రామిక పట్టణం. అందులో పేటలకు పేర్లు లేవు, అంకెలే. ఒకటో నంబరు, రెండో నంబరు, అలా అయిదు దాకా. మీ ఇల్లెక్కడ అంటే "అయిదో నంబరు" అంటారు.

శనివారం ఢిల్లీ చుట్టుపక్కల ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ఒక దృశ్యం తప్పదు. చిన్న డబ్బాలో ఆవనూనె, అందులో నల్లటి రేకు బొమ్మ, చేత్తో పట్టుకున్న పిల్లవాడు. శనిదేవుడికి చిల్లర వేయమంటాడు. కారు ముందు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టుకున్నవారు అద్దం దించి వేస్తారు. నాలుగు దారులు కలిసే చోట దుష్టశక్తులు తిరుగుతాయనే నమ్మకం పాతదే. మన ఊళ్ళలో దిష్టి తీసిన గుమ్మడికాయ కూడా తెచ్చి కూడలిలోనే పగలగొడతారు. దాని మీద జారి పడిన స్కూటరువాడికి దిష్టి తగిలిందో లేదో మనకు తెలియదు గానీ కాలు విరగడం మాత్రం ఖాయం. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. బడిలో ఉండాల్సినవాణ్ణి సిగ్నల్ దగ్గర నిలబెట్టిన పేదరికం గురించి, అద్దం దించిన చదువుకున్నవారు ఆలోచించరన్నదే బాధ. ఇదే పారిశ్రామిక ప్రాంతంలో, షిఫ్టు మారే వేళ రోడ్డు పక్కన నిలబడి కార్మికుల చేతుల్లో ఉచితంగా పత్రిక పెట్టేవారు కూడా ఉన్నారు. 'ఫరీదాబాద్ మజ్దూర్ సమాచార్' 1980ల నుంచి అలాగే జనంలోకి వెళ్ళింది.

ఇప్పుడు చరిత్రకు వద్దాం.

పాత ఫరీదాబాద్ 1607లో జహంగీర్ కోశాధికారి షేక్ ఫరీద్ కట్టించిన చిన్న ఊరు. కొత్తది 1949లో మొదలైంది. దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి, అంటే బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్, కోహాట్, పెషావర్ ప్రాంతాల నుంచి వచ్చిన కాందిశీకులు కురుక్షేత్రలాంటి శిబిరాల్లో డేరాల కింద ఉన్నారు. ప్రభుత్వం వారిని అల్వార్, భరత్‌పూర్ వైపు విడదీసి పంపాలనుకుంది. వారు ఒప్పుకోలేదు. మమ్మల్ని కలిపి ఒకే చోట, ఢిల్లీకి దగ్గర్లో ఉంచండని ఆందోళన చేశారు. వారిని నడిపించిన వారిలో ఖుదాయి ఖిద్మత్‌గార్ ఉద్యమంలో పనిచేసి వచ్చిన హిందువులున్నారు. సత్యాగ్రహం ఎలా చేయాలో వారికి ఎవరూ నేర్పక్కరలేదు.

1949లో ఫరీదాబాద్ అభివృద్ధి బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్. తర్వాత హృదయనాథ్ కుంజ్రూ. ప్రధానమంత్రి నెహ్రూ బోర్డు సమావేశాలకు స్వయంగా వచ్చి కూర్చునేవాడు. సుధీర్ ఘోష్ పనులు నడిపాడు. కమలాదేవి ఛటోపాధ్యాయ స్థాపించిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ తరఫున ఎల్.సి. జైన్ అనే యువకుడు అక్కడ పనిచేశాడు. తర్వాత 1989లో మెగసెసె అవార్డు పొందినది ఆయనే.

అసలు తగాదా ఇళ్ళు ఎవరు కట్టాలన్న దాని మీద వచ్చింది. కాంట్రాక్టర్లకు ఇవ్వడం ప్రజాపనుల శాఖ అలవాటు. మా ఇళ్ళు మేమే కట్టుకుంటాం, ఆ కూలి మాకే రానివ్వండని కాందిశీకులు అడిగారు. వీరిలో చాలామంది దుకాణదారులు, వ్యాపారులు. ఇటుక పట్టి ఎరగరు. వీరివల్ల కాదని ఇంజనీర్లు అన్నారు. బోర్డు కాందిశీకుల పక్షాన నిలిచింది. సహకార సంఘాలు పెట్టుకుని, పని నేర్చుకుంటూ వేల ఇళ్ళు కట్టారు. మన దేశంలో పుట్టుకను బట్టి వృత్తి అని ధర్మశాస్త్రాలు చెబుతాయి. తాతల నాటి నుంచి త్రాసు పట్టినవాడు తాపీ పట్టగలడని ఫరీదాబాద్ కొన్ని నెలల్లో తేల్చింది. ఇంతకన్నా మంచి ప్రయోగం ఏం కావాలి?

ఇంకో రెండు సంగతులు. ఈ పట్టణానికి నమూనా గీసిన వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్. హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకున్న యూదు సంతతివాడు. మైసూరు సంస్థానంలో పనిచేసి, 1948 నుంచి కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టరుగా ఉన్నాడు. కాందిశీకుల ఊరిని కాందిశీకుడే గీశాడన్న మాట. (ఇక్కడ 'వాస్తు' అంటే ఈశాన్యం మూల బావి కాదు, నిజమైన ఇంజనీరింగు.) ఇక ఊరికి కరెంటు కోసం, యుద్ధ నష్టపరిహారం కింద జర్మనీ నుంచి వచ్చి కలకత్తా రేవులో పడి ఉన్న డీజిల్ విద్యుత్ యంత్రాలను తెచ్చి బిగించారు. కరెంటు వచ్చాక ఫ్యాక్టరీలు వచ్చాయి. బాటా 1951లో వచ్చింది. చౌక్‌లకు ఫ్యాక్టరీ పేర్లు రావడానికి మూలం అదీ.

కథ అంతా సుఖాంతం కాదు. కొంతకాలానికి పునరావాస శాఖ అధికారుల పెత్తనం పెరిగింది. సహకార సంఘాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని నేర్చుకున్నవారు మళ్ళీ ఉద్యోగాల కోసం వెతుక్కున్నారు. నెహ్రూ అంతటివాడు వెనక ఉన్నా గుమాస్తా యంత్రాంగం ముందు నిలవలేకపోయారు. జైన్ 1998లో రాసిన 'ద సిటీ ఆఫ్ హోప్' పుస్తకంలో ఇదంతా ఉంది. అందులో నెహ్రూ భక్తి లేదు, నెహ్రూ ద్వేషమూ లేదు. ఈ రోజుల్లో రెండూ లేని పుస్తకం దొరకడం కష్టం.

కాందిశీకులు కట్టుకున్న ఆస్పత్రికి బాద్షా ఖాన్ పేరు పెట్టారు. 1951లో నెహ్రూ ప్రారంభించాడు. ఎందుకు ఆ పేరు? ఖాన్ 1929లో ఖుదాయి ఖిద్మత్‌గార్‌ను స్థాపించాడు. ఎర్రచొక్కాల దళం. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధుల మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. కిస్సా ఖ్వానీ అంటే కథలు చెప్పేవారి బజారు. అదీ ఒక రద్దీ కూడలే. ఆ రోజుల్లో ముస్లిం జనం మీద కాల్చమంటే చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో హిందూ సైనికులు కాల్చబోమన్నారు. జైలుకు వెళ్ళారు. ఈ జ్ఞాపకం ఉన్నవారే ఫరీదాబాద్ వచ్చారు. దేశ విభజనను ఖాన్ చివరిదాకా వ్యతిరేకించాడు. ఆయన అన్న డాక్టర్ ఖాన్ సాహెబ్ మంత్రివర్గాన్ని పాకిస్తాన్ వచ్చిన వారం రోజులకే, 1947 ఆగస్టు 22న, తొలగించారు. పాకిస్తాన్ ప్రభుత్వాలు ఖాన్‌ను ఏళ్ళ తరబడి నిర్బంధించాయి. 1987లో భారతరత్న ఇచ్చాం. 1988 జనవరి 20న పోయాడు.

ఖాన్ నాస్తికుడు కాదు, నిష్ఠగల ముస్లిం. ఆ మాట మనం దాచక్కరలేదు. గాంధీతో వాదించిన గోరాగారు గాంధీని గౌరవించడం మానలేదు కదా. మనిషిని అంచనా వేసేది పూజామందిరంలో ఏం చేస్తాడన్న దానితో కాదు, కూడలిలో ఏం చేస్తాడన్న దానితో.

2020 డిసెంబరులో హర్యానా ప్రభుత్వం ఈ ఆస్పత్రి పేరును అటల్ బిహారీ వాజపేయి ఆస్పత్రిగా మార్చింది. బన్నూవాల్ కుటుంబాల పెద్దలు అభ్యంతరం చెప్పారు. తమ పెద్దలు చేత్తో కట్టుకుని పెట్టుకున్న పేరు అది అన్నారు. వాజపేయి మీద వారికి కోపం లేదు. ఆయన పేరు పెట్టడానికి కొత్త ఆస్పత్రి కట్టవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్న.

పేరు మార్చినంతలో చరిత్ర మారదని కొందరంటారు. నేను అంత ధీమాగా లేను. ముస్లిములు తరిమారు, హిందువులు వచ్చారు, అంతే కథ అని చెప్పేవారికి ఎదురుగా నిలిచిన సాక్ష్యం ఆ బోర్డు. కోర్టులో సాక్ష్యాన్ని తీసేస్తే కేసు బలహీనపడుతుంది. ఆటోవాళ్ళ నోట ఇంకా బీకే ఉంది, నిజమే. కానీ బీకే అంటే ఏమిటని అడిగితే చెప్పలేని తరం వస్తే ఆ రెండక్షరాలు ఉండీ లాభం లేదు.

ఎన్.ఐ.టి. పేటల్లో ముసలివారు ఇప్పటికీ ఇంట్లో బన్నూవాలీ మాట్లాడతారు. జైన్ 2010లో చనిపోయాడు. 1949లో ఇరవై ఏళ్ళ వయసులో ఇటుకలు మోసినవారెవరైనా మిగిలి ఉంటే ఇప్పుడు తొంభై అయిదు దాటి ఉంటాయి. ఆ వైపు మన మిత్రులు చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు. ఒక ఆదివారం టేప్ రికార్డరు, పోనీ సెల్‌ఫోను, పట్టుకుని అయిదో నంబరు దాకా వెళ్ళి వారి మాటలు ఎక్కించుకుంటే బాగుంటుంది. హిందీ రాకపోతే వచ్చినవారిని వెంట తీసుకువెళ్ళండి.