ఒకజాకి అంటే ఇద్దరు

జీవశాస్త్రం చదివిన వాళ్ళకి 'ఒకజాకి ముక్కలు' అన్న మాట గుర్తుండే ఉంటుంది. కణం రెండుగా విడిపోయే ముందు తన డి.ఎన్.ఎ.కి నకలు తీసుకునేటప్పుడు ఏర్పడే చిన్న చిన్న ముక్కలవి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అందరిలాగే నేనూ బట్టీపట్టి రాశాను. ఒకజాకి ఎవరో జపాను శాస్త్రవేత్త అనుకున్నాను. 'అతను' అనుకున్నాను. పాఠం చెప్పిన మేడమ్ కూడా 'కనిపెట్టాడు' అనే చెప్పారు. ఆ పేరు వెనక ఇద్దరున్నారనీ, ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అనీ చాలా ఏళ్ళకి గాని నాకు తెలియలేదు. ఆమె త్సునెకో ఒకజాకి.

విజ్ఞానశాస్త్రంలో స్త్రీలకి జరిగిన అన్యాయం అనగానే మనం రోజలిండ్ ఫ్రాంక్లిన్‌ని తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. ఆమె ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం ఆమెకి తెలియకుండానే ఇతరుల చేతుల్లోకి వెళ్ళింది. 1953లో డి.ఎన్.ఎ. నిర్మాణం బయటపడటంలో దాని పాత్ర ఎంతో ఉంది. 1958లో, 37 ఏళ్ళకే, ఆమె చనిపోయింది. అది దోపిడీ కథ. త్సునెకోది అలాంటిది కాదు. ఆమె పేరుని ఎవరూ దొంగిలించలేదు. పాఠ్యపుస్తకాల్లో అది ఉంది. కానీ చదివేవాళ్ళకి కనిపించదు. ఇలా కనిపిస్తూనే కనిపించకపోవడం గురించి మనం ఇంకా సరిగా మాట్లాడుకోలేదు.

ముందు ఆమె చేసిన పనేమిటో తెలుసుకోవాలి. స్త్రీల చరిత్ర రాసేటప్పుడు వాళ్ళ కష్టాలు చెప్పి, వాళ్ళ పనిని రెండు ముక్కల్లో ముగించడం మనకి అలవాటు. అదీ ఒక రకం అన్యాయమే.

డి.ఎన్.ఎ. రెండు పాయలు పెనవేసుకున్న జడ లాంటిది. నకలు తీయాలంటే ఆ పాయలు విడిపోవాలి. విడిపోయిన ప్రతి పాయ పక్కనా దానికి జోడీ అయిన కొత్త పాయ తయారవాలి. పాతదొకటి, కొత్తదొకటి కలిసి కొత్త జడ అవుతాయని 1958లో మెసెల్సన్, స్టాల్ నిరూపించారు. కొత్త పాయని అల్లే ఎంజైమ్, డి.ఎన్.ఎ. పాలిమరేజ్‌ని అంతకుముందే ఆర్థర్ కోర్న్‌బర్గ్ కనిపెట్టాడు. 1959లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కంతా అక్కడే మొదలైంది. జడలోని రెండు పాయలూ ఒకే దిక్కుకి ఉండవు. ఒకదాని తల ఉన్న చోట రెండోదాని కాళ్ళుంటాయి. పాలిమరేజ్‌కేమో ఒకే దిక్కున అల్లడం వచ్చు. జడ ఒక చివర్నించి విడిపోతూ వస్తుంటే ఒక పాయ మీద అల్లిక ఆ విప్పుడు వెంటే సాగిపోతుంది. రెండో పాయ మీద మాత్రం అల్లిక ఎదురు దిక్కున నడవాలి. అయినా రెండూ ఒకేసారి పెరుగుతున్నట్టు 1963లో జాన్ కైర్న్స్ తీసిన చిత్రాలు చూపించాయి. ఒకే దిక్కున అల్లే ఎంజైమ్ రెండు దిక్కులా ఎలా పని చేస్తోంది? రెండో దిక్కుకి వేరే ఎంజైమ్ ఉందేమోనని కొందరు వెతికారు. దొరకలేదు.

ఈ ముడిని విప్పింది జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భార్యాభర్తలు. త్సునెకో 1933లో నగోయాలోనే పుట్టింది. 1956లో అక్కడే డిగ్రీ పూర్తిచేసి, ఆ ఏడే రెయిజి ఒకజాకిని పెళ్ళి చేసుకుంది. 1960ల మొదట్లో ఇద్దరూ అమెరికా వెళ్ళి, ముందు సెయింట్ లూయిస్‌లో, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో కోర్న్‌బర్గ్ దగ్గర పనిచేశారు. ఆ కోర్న్‌బర్గ్ భార్య సిల్వీ కూడా జీవరసాయన శాస్త్రవేత్తే, భర్త ప్రయోగశాలలో పనిచేసిన మనిషే. నోబెల్ ప్రకటించినప్పుడు తన వాటా దోచేశారని ఆమె నవ్వుతూ అన్నదని చెప్పుకుంటారు. నవ్వుతూ అన్న మాటల్ని మనం నవ్వుతూ వినేసి ఊరుకుంటాం.

1963లో త్సునెకోకి డాక్టరేట్ వచ్చింది. నగోయాకి తిరిగొచ్చాక ఆ ఇద్దరూ వేసుకున్న ప్రశ్న చాలా సాదాది. రెండో పాయ ఏకబిగిన కాక, ముక్కలు ముక్కలుగా తయారవుతోందేమో! ప్రతి ముక్కనీ సరైన దిక్కులోనే అల్లి, తర్వాత వాటిని అతికిస్తే దూరం నుంచి చూసేవాళ్ళకి పాయ ఎదురు దిక్కున పెరుగుతున్నట్టే కనిపిస్తుంది కదా.

అది నిజమైతే ఆ ముక్కల్ని అతుక్కోక ముందే పట్టుకోవాలి. అందుకు వ్యవధి కొన్ని సెకన్లే. ఇ.కోలై బాక్టీరియాని 20 డిగ్రీల చల్లదనంలో పెంచి, దాని పనిని నెమ్మదింపజేశారు. రేడియోధార్మిక థైమిడిన్‌ని కొద్ది సెకన్ల పాటు అందించి, చప్పున ఆపేశారు. ఆ కాసేపట్లో తయారైన డి.ఎన్.ఎ.కి మాత్రమే ఆ గుర్తు పడుతుంది. పాయల్ని విడదీసి, చక్కెర ద్రావణంలో వేగంగా తిప్పి, పొడవుని బట్టి వేరు చేశారు. గుర్తు పడ్డవి వెయ్యి నుంచి రెండు వేల అక్షరాల పొట్టి ముక్కలుగా కనిపించాయి. థైమిడిన్‌ని ఇంకాస్త ఎక్కువసేపు అందిస్తే అదే గుర్తు పొడవాటి పాయల్లోకి చేరింది. అంటే ముక్కలు అతుక్కున్నాయన్న మాట. 1968లో వచ్చిన ఆ పరిశోధనాపత్రం మీద అయిదు పేర్లున్నాయి. రెయిజిది మొదటిది, త్సునెకోది రెండవది. మూడో పేరు కివాకో సకబే.

మన ఒంట్లో ఈ ముక్కలు ఇంకా చిన్నవి, వంద నుంచి రెండు వందల అక్షరాలు. మన కణం ఒక్కటి ఒక్కసారి విడిపోవడానికి ఇలాంటివి కోట్లకొద్దీ తయారై, అతుక్కోవాలి.

1975లో రెయిజి లుకేమియాతో చనిపోయాడు. అప్పటికి 44 ఏళ్ళు. ఆయన పుట్టింది హిరోషిమాలో. 1945 ఆగస్టులో, 14 ఏళ్ళ వయసులో, అణుబాంబు రేడియేషన్‌కి గురయ్యాడు. లుకేమియా అంటే రక్తాన్ని తయారుచేసే కణాలు అదుపు తప్పి విభజన చెందడం. కణం ఎలా రెండవుతుందో తెలుసుకోవడానికే బతికిన మనిషిని అదే పని దారి తప్పి తీసుకుపోయింది. యుద్ధం 1945లో ముగిసిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఆ ఇంట్లో అది ఇంకో ముప్ఫై ఏళ్ళు నడిచింది.

అప్పటికి పని సగంలో ఉంది. పాలిమరేజ్ శూన్యంలోంచి అల్లిక మొదలుపెట్టలేదు. పట్టుకోవడానికి ముందో చిన్న కొస కావాలి. ప్రతి ముక్క మొదట్లోనూ ఆ కొసగా ఆర్.ఎన్.ఎ. ఉంటుందని వాళ్ళ బృందం 1972లోనే ప్రతిపాదించింది. చాలామంది సందేహించారు. ఆ కొస ఎంతోసేపు నిలవదు, పని కాగానే మాయమవుతుంది కాబట్టి దాన్ని చేతికి చిక్కించుకోవడం కష్టం. భర్త పోయాక పిల్లల్నీ, ప్రయోగశాలనీ చూసుకుంటూ త్సునెకో తన సహచరులతో కలిసి ఆ పనిని ముందుకు తీసుకెళ్ళింది. 1970ల చివరికి టి7 వైరస్ సోకిన బాక్టీరియాలో ఆ కొసని చెక్కుచెదరకుండా పట్టి చూపించింది. 1983లో ఆమె ప్రొఫెసర్ అయింది. అప్పటికి ఒకజాకి ముక్కలు ప్రపంచానికి తెలిసి 15 ఏళ్ళు దాటింది. తర్వాత ఆమె మనిషి క్రోమోజోముల మీదికి మళ్ళి, 1998లో కృత్రిమ క్రోమోజోముని నిర్మించిన బృందంలో ఒకరయింది. 2000లో స్త్రీ శాస్త్రవేత్తలకిచ్చే లోరియల్-యునెస్కో పురస్కారం, 2021లో జపాన్ ప్రభుత్వం ఇచ్చే ఆర్డర్ ఆఫ్ కల్చర్ ఆమెకి వచ్చాయి. ముక్కలు కనిపెట్టినప్పుడు ఆమెకి 35 ఏళ్ళయినా లేవు. సొంత దేశం ఆ గౌరవం ఇచ్చేనాటికి 88 ఏళ్ళు.

పేరు సంగతికి మళ్ళీ వద్దాం. జపాన్‌లో పెళ్ళయిన జంట ఒకే ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం చెబుతుంది. ఎవరిదైనా సరే అంటుంది గాని, నూటికి తొంభై మందికి పైగా మార్చుకునేది భార్యలే. 2015లోనూ, 2021లోనూ అక్కడి సుప్రీం కోర్టు ఆ చట్టం రాజ్యాంగబద్ధమేనంది. త్సునెకో కూడా ఒకజాకి అయింది. కాబట్టి 'ఒకజాకి ముక్కలు' అన్నప్పుడు న్యాయంగా ఇద్దరి పేరూ పలికినట్టే. కానీ ఒక పేరులో ఇద్దరుంటే మనకి వినిపించేది ఎవరు? పెళ్ళితో ఇంటిపేర్లు మారిన మనం ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు.

ఇంకో సంగతి. ఏకబిగిన పెరిగే పాయకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లీడింగ్ స్ట్రాండ్. ముక్కలుగా పెరిగే దానికి లాగింగ్ స్ట్రాండ్, అంటే వెనకబడ్డ పాయ. నిజానికి అది వెనకబడదు. రెండూ కలిసే సాగుతాయి. తేడా అంతా పనిలో ఉంది. రెండో పాయ మీద మాటిమాటికీ కొత్తగా మొదలుపెట్టాలి, కొసలు తీసేయాలి, ఖాళీలు పూడ్చాలి, అతకాలి. ప్రకృతికి స్త్రీవాదం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. అణువులకి ఆడా మగా లేవు. పేర్లు పెట్టింది మాత్రం మనుషులే. ఆగి ఆగి, మధ్యలో వదిలి, మళ్ళీ అందుకుని చేసే పనిని వెనకబాటు అనడం మనుషుల అలవాటు. పొయ్యి మీద అన్నం పెట్టి, పిల్లని నిద్రపుచ్చి, ఆ సందులో నాలుగు పేజీలు రాసుకునే వాళ్ళకి ఆ మాట కొత్తదేం కాదు.

ఇకమీద ఈ పాఠం చెప్పే టీచర్లని నేను కోరేది ఒక్కటే. బోర్డు మీద 'ఒకజాకి' అని రాసినప్పుడు పక్కన రెండు పేర్లు రాయండి. త్సునెకో, రెయిజి. 'కనిపెట్టాడు' అనకుండా 'కనిపెట్టారు' అనండి.