కొడుకు పాట వినడానికి

టాక్సీ మాట్లాడుకున్నట్టు జెట్ విమానం మాట్లాడుకుని లాస్ వేగాస్ వెళ్లారంటే, డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటాం. జూదం, రంగురంగుల దీపాలు, ఆటపాటలు... ఆ ఊరికున్న పేరలాంటిది మరి! కానీ ఆ ప్రయాణాల చరిత్రలో నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక అమ్మ కథ.

ఆవిడ పేరు డాలీ సినాట్రా. ఇటలీలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరి, హోబోకెన్ అనే ఊళ్లో మంత్రసానిగా పనిచేసింది. 1915లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు పాటలంటూ తిరుగుతుంటే తండ్రి కోప్పడేవాడు. వెనకేసుకొచ్చింది డాలీయే. ఆ కొడుకే గాయకుడు ఫ్రాంక్ సినాట్రా.

1977 జనవరి 6. లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో ఆ రాత్రే ఆయన కచేరీలు మొదలు. కొడుకు పాట వినాలని ఏ తల్లికుండదు చెప్పండి! సాయంత్రం పామ్ స్ప్రింగ్స్‌లో డాలీ, ఆవిడ స్నేహితురాలు అద్దె లియర్‌జెట్ ఎక్కారు. కారులో గంటలు పట్టే దారి, జెట్‌లో అరగంట.

బయల్దేరిన కొద్ది నిమిషాలకే, మబ్బుల్లో ఆ విమానం శాన్ గోర్గోనియో పర్వతాన్ని ఢీకొంది. 11,500 అడుగుల కొండ అది. ఇద్దరు పైలట్లతో సహా నలుగురూ పోయారు. కంట్రోలరు చెప్పినదాన్ని పైలట్లు మరోలా అర్థం చేసుకున్నారని దర్యాప్తులో తేలింది. అంత యంత్రానికీ ప్రాణం ఒక్క మాటలో ఉందన్నమాట!

అమ్మ సంగతి ఇంకా తేలకుండానే ఆ రాత్రి సినాట్రా వేదికెక్కి పాడాడు. గంటల దారిని అరగంట చేసిన జెట్టు, ఆ తల్లిని కొడుకు పాట దాకా చేర్చలేకపోయింది.