ఆరు ఫసలీలు, ఆరేళ్లు

తేదీల లెక్కంటే కోడ్ రాసేవాళ్లందరికీ చిరాకే. జనవరి 31కి ఒక నెల కలపమంటే జావాస్క్రిప్ట్ మార్చిలోకి దూకేస్తుంది, పోస్ట్‌గ్రెస్ ఫిబ్రవరి ఆఖరి రోజు దగ్గర ఆగిపోతుంది. పైథాన్‌లో టైమ్‌డెల్టాకి నెలలూ సంవత్సరాలూ తెలియనే తెలియవు, వారం దాటి లెక్కపెట్టదు. నా ఉద్యోగం ఇదే. కానీ ఈ పేచీ మా ముప్కాల్ వైపు పొలాల్లో కంప్యూటర్ల కన్నా ముందే ఉంది.

నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలు ఫసలీలో నడిచేవి. అక్బర్ కాలం నాటి పంటల సంవత్సరం అది. హైదరాబాద్ ఫసలీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదట్లో మొదలయ్యేది. మన సంవత్సరం కావాలంటే డిసెంబర్ దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. మద్రాసు వైపు ఫసలీ జులై 1నే మారిపోయేది. అందుకే 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్‌లో 1357 నడుస్తుంటే, బెజవాడలో అప్పటికే 1358!

ఇక 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం. రక్షిత కౌలుదారు కావాలంటే ఆరేళ్లు విడవకుండా భూమి చేసి ఉండాలి. ఆ హోదా ఉన్నవాళ్లకే తర్వాత 38-ఇ సెక్షన్ కింద యాజమాన్యం దక్కే దారి తెరుచుకుంది. ఆ ఆరేళ్లు చూపడానికి 34వ సెక్షన్ మూడు దారులిచ్చింది. ఒకటి, 1342 నుంచి 1352 ఫసలీల లోపల. రెండు, 1948 జనవరి 1కి సరిగ్గా ముందు. మూడు, 1353 ఫసలీ మొదటి రోజు, అంటే 1943 అక్టోబర్ 6 తర్వాత మొదలై, చట్టం వచ్చేలోపు పూర్తయినవి. ఒకే సెక్షన్‌లో రెండు క్యాలెండర్లు.

రెండో దారి చూడండి. 1948 జనవరి 1 నుంచి వెనక్కి ఆరేళ్లంటే 1942 జనవరి 1. (365ని ఆరుతో గుణించి తీసేస్తే జనవరి 2 వస్తుంది. 1944 లీపు సంవత్సరం మరి.) ఆ రోజు 1351 ఫసలీ మధ్యలో పడుతుంది. ఒక రైతు పేరు 1352 నుంచి 1357 దాకా రాసి ఉందనుకుందాం. ఆరు ఎంట్రీలు. కానీ 1942 అక్టోబర్ నుంచి లెక్కేస్తే ఐదేళ్ల మూడు నెలలు కూడా నిండవు.

1351లో పేరుంటే చాలా? చాలదు. ఆ రైతు 1942 ఉగాదికి కౌలు పట్టి ఉంటే పేరు 1351లోనే ఎక్కుతుంది. ఏడు ఎంట్రీలు, అయినా ఆరేళ్లకి రెండు నెలల పైనే తక్కువ. 1357తోనే కౌలు పోయి ఉంటే మూడో దారీ మూసుకున్నట్టే, 1943 అక్టోబర్ నుంచి ఐదేళ్లే కదా. ఉగాదికి కాకుండా అదే ఫసలీలో ముందటి దీపావళికి పట్టి ఉంటే గట్టెక్కేవాడు. ఫసలీ అంకె రెండిటికీ ఒకటే, 1351.