అట్టడుగు వరుసకు చేరని మార్పు

అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు పేలడానికి మూలం 1965లో మారిన ఒక స్పెసిఫికేషన్. మా బాలానగర్ ఫ్యాక్టరీలో ప్లానింగ్ సెక్షన్‌కు కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టక ముందే ఈ సంగతి చెప్పేవాణ్ని. బామ్‌లో (బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే ఒక వస్తువులోని భాగాల జాబితాలో) రివిజన్ ఎందుకంత ముఖ్యమో ఇది వింటే మళ్లీ వివరించాల్సిన పని ఉండదు.

అపోలో 13 అంతరిక్ష నౌక సర్వీస్ మాడ్యూల్‌ను కట్టింది నార్త్ అమెరికన్ కంపెనీ. ఆక్సిజన్ ట్యాంకుల పని బీచ్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు అప్పగించింది. 1962 నాటి స్పెసిఫికేషన్ ప్రకారం ట్యాంకు లోపలి హీటరు నౌకలోని 28 వోల్టుల మీద నడవాలి. ప్రయోగ కేంద్రంలో నేల మీది పరికరాలు 65 వోల్టులు ఇస్తాయి కాబట్టి హీటరు దాన్ని కూడా తట్టుకోవాలని 1965లో మార్చారు. హీటరు అతిగా వేడెక్కకుండా కరెంటు తెంపే చిన్న థర్మోస్టాట్ స్విచ్చులు ఉంటాయి. అవి మాత్రం 28 వోల్టులవే ఉండిపోయాయి. బీచ్ మార్చలేదు, నార్త్ అమెరికన్ పట్టుకోలేదు, నాసా కూడా గమనించలేదు.

ఆ లోపం ఏళ్ల తరబడి నిద్రపోయింది. 1970 మార్చిలో ప్రయోగానికి ముందు రిహార్సల్ చేశాక ఆ ట్యాంకులోని ఆక్సిజన్ మామూలు పద్ధతిలో బయటికి రాలేదు. మరిగించి పంపేద్దామని హీటరును 65 వోల్టుల మీద దాదాపు 8 గంటలు నడిపారు. స్విచ్చు తెరుచుకోబోయిన క్షణంలో కాంటాక్టులు కరిగి అతుక్కుపోయాయి. లోపల కొన్నిచోట్ల వేడి 1000 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా వెళ్లి ఉండొచ్చని తర్వాత తేల్చారు. బయటి మీటరేమో 80 దాటి చూపించే రకం కాదు. వైర్ల మీది టెఫ్లాన్ కాలిపోయింది. ఆ ట్యాంకే ఏప్రిల్ 13న అంతరిక్షంలో పేలింది. అందులోని వ్యోమగాములు లోవెల్, స్విగర్ట్, హేజ్ ప్రాణాలతో తిరిగొచ్చారు కాబట్టి దాన్ని సాహసగాథగా చెప్పుకుంటున్నాం. ఎడ్గర్ కోర్ట్‌రైట్ అధ్యక్షతన వేసిన విచారణ కమిటీ నివేదికను మాలాంటివాళ్లం చదివేది మాత్రం ఆ స్విచ్చు కోసం.

బామ్‌ను వంశవృక్షంలా గీస్తే నౌక, మాడ్యూల్, ట్యాంకు, హీటరు, ఆ కింద స్విచ్చు. మార్పు పై నుంచి బయలుదేరింది, చివరి వరుసకు చేరలేదు.

బామ్‌ను కంప్యూటర్‌లో పెట్టే పని కూడా అదే అపోలో దగ్గర ఊపందుకుంది. ఐబీఎం వాళ్లకు అప్పటికే బీఓఎంపీ (బిల్ ఆఫ్ మెటీరియల్ ప్రాసెసర్) అనే ప్రోగ్రాం ఉంది. ఒక వస్తువులో ఏమేం భాగాలున్నాయో కిందికి విప్పి చూపేది, ఒక భాగం ఏయే వస్తువుల్లో వాడుతున్నారో పైకీ చూపేది. అపోలో భాగాల జాబితాకు అది చాలలేదు. 1966లో ఐబీఎం, నార్త్ అమెరికన్, క్యాటర్‌పిల్లర్ మనుషులు కలిసి కొత్త వ్యవస్థకు పూనుకున్నారు. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో ఒక టెర్మినల్ మీద ‘రెడీ’ అన్న మాట పడింది. ఐఎంఎస్ అనే ఆ డేటాబేస్ వ్యవస్థ అలా పుట్టింది. ఆ ట్యాంకు తయారైంది అంతకు ముందే. అయితే సాఫ్ట్‌వేర్ ముందే ఉంటే ప్రమాదం తప్పేదని నేను అనను. వోల్టేజి మారితే స్విచ్చు సంగతేమిటని అడగాల్సింది మనిషే.

మా దగ్గర కంప్యూటర్ రాకముందు రివిజన్ అంటే డ్రాయింగ్ మూలన ఉండే చిన్న గడి. అందులో అక్షరం, తేదీ, సంతకం. ఐ, ఓ అక్షరాలు వాడకూడదు, 1, 0 అని పొరబడతారని. ట్రేసింగ్ మీద దిద్ది, అమ్మోనియా ప్రింట్లు తీసి, షాపులో పాతవి వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాలి. ఈ వెనక్కి తీసుకోవడమే గగనం. పాత ప్రింటు మీద ఫోర్‌మన్ తన ఫిక్చర్ కొలతలన్నీ పెన్సిల్‌తో రాసుకుని ఉంటాడు, దాన్నెలా వదులుతాడు? ఆయన మొండితనం అనుకునేవాళ్లు ఆఫీసులో. నా లెక్కలో ఆ పెన్సిల్ రాతలు రివిజన్‌లోకి ఎక్కాల్సిన విషయాలు.

సాఫ్ట్‌వేర్ నిజంగా తెచ్చిన మేలు ‘ఎప్పటి నుంచి’ అన్న గడి. ఈ తేదీ నుంచా, ఈ సీరియల్ నంబరు నుంచా, స్టోర్స్‌లో పాత స్టాకు అయిపోయాకా? ఆ ఒక్క గడి నింపాలంటే డిజైన్, స్టోర్స్, కొనుగోళ్లు, ఇన్‌స్పెక్షన్ ఒకచోట కూర్చోక తప్పదు. మధ్యలో సగం తయారైన సరుకును ఏం చేయాలో కూడా అప్పుడే తేలుతుంది.

ఇంత సదుపాయం వచ్చాక కూడా జనరల్ మోటార్స్‌లో జరిగింది చూడండి. కారు ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 2006లో లోపలి భాగం మార్చడానికి అనుమతి ఇచ్చారు, పార్టు నంబరు మాత్రం మార్చలేదు. కొత్తదీ పాతదీ ఒకే నంబరు. పాత కార్లలోనే ప్రమాదాలెందుకు జరుగుతున్నాయో విచారించినవాళ్లకు ఏళ్ల తరబడి అంతుబట్టలేదు, ఎందుకంటే కాగితాల మీద స్విచ్ మారనే లేదు. 2014లో మొదలైన రీకాల్ 26 లక్షల కార్ల దాకా వెళ్లింది. పరిహార నిధి 124 మరణాలను ఆ లోపానికి ముడిపెట్టి అంగీకరించింది.

ఈరోజు ఏ కంపెనీలోనైనా ఈసీఎన్ (ఇంజనీరింగ్ చేంజ్ నోటీస్) మీద సంతకం పెట్టే స్థానంలో ఉన్నవారిని నేను కోరేది రెండు పనులు. కొత్త భాగం పాతదాని స్థానంలో ఏ తేడా లేకుండా పనిచేయదంటే రివిజన్ అక్షరంతో సరిపెట్టకండి, కొత్త నంబరు ఇవ్వండి. సంతకానికి ముందు ఆ బామ్‌ను చివరి వరుస దాకా విప్పి, ఒక్కో భాగాన్నీ ఈ మార్పు తాకుతుందా అని అడిగి చూడండి.