తెరపై పొగ, దుమ్ము

మోటారు పందెపు ఆటలలో కారు వెనుక లేచెడి దుమ్మును జూచి, అది వట్టి యలంకారమని తలంచువారు పెక్కురు. మేమును మొదట అట్లే తలంచితిమి. ఈ ఆటల పూర్వచరిత్రను పరిశీలించిన పిదప మా అభిప్రాయము మారినది.

1976లో అమెరికాలోని అటారీ సంస్థ ‘నైట్ డ్రైవర్’ అను ఆటను వెలువరించెను. రోడ్డును, చెట్లను, ఆకాశమును చిత్రించు శక్తి నాటి యంత్రమునకు లేదు. కావున కర్తలు రాత్రిని ఎన్నుకొనిరి. నల్లని తెరపై దారికి ఇరువైపుల తెల్లని గుంజలు మాత్రము ఎదురు వచ్చుచు, దగ్గరగుకొలది పెద్దవగుచుండెడివి. మరి కారో? దానిని యంత్రము చిత్రింపనే లేదు. ప్లాస్టిక్కు రేకుపై అచ్చొత్తించి తెర అడుగున అమర్చిరి! లేమిని చీకటితో కప్పిన ఈ యుపాయము మాకు నేటికిని ముచ్చట గొలుపును.

1992 నాటి సెగా వారి ‘వర్చువా రేసింగ్’ నాటికి కారు బహుభుజములతో కూర్చిన ఘనరూపము దాల్చినది. కాని పొగకు అంచెక్కడిది? దానికి దారి చలనచిత్రము చూపినది. 1982లో విడుదలయైన రెండవ ‘స్టార్ ట్రెక్’ చిత్రమున, అగ్నిజ్వాల ఒక గ్రహమును చుట్టివేయు దృశ్యమునకై విలియం రీవ్స్ కణసమూహ పద్ధతిని కల్పించి, 1983లో ప్రకటించెను. ప్రతి కణమునకు ఒక పుట్టుక, వేగము, ఆయుర్దాయము గలవు. ఆయువు తీరగనే అది మాయమగును. ఆటలలోని పొగ, దుమ్ము, వానతుంపరలు చాలవరకు ఈ వంశమువే.

అయితే చలనచిత్రకారునికి ఒక్కొక్క బొమ్మకు గంటలకొలది వ్యవధి యుండును. సెకనుకు 60 బొమ్మలు చూపెడి ఆటలో ఒక్కొక్కదానికి దక్కునది సుమారు 16 మిల్లీసెకన్లే. పలుచని పొగపొరలు ఒకదానిపై నొకటి పడినకొలది, తెరపై ఒకే బిందువును పలుమార్లు లెక్కింపవలయును. ముందరి కారు గిర్రున తిరిగి పొగ తెరయంతయు క్రమ్మినపుడే ఆ భారము మిక్కుటమగును. అనగా ఆటగాని చేయి తడబడరాని క్షణముననే! అందుచే కణముల సంఖ్యకు హద్దు విధింతురు. దూరపు కార్లకు కొలదిగా కేటాయింతురు.

దూరపు పొగను ఎంత కోసినను నష్టము లేదు. ఆటగాని చక్రము క్రింది పొగ మాట వేరు. నిజమైన కారులో చక్రము జారినదని దేహమే తెలుపును. కదలని కుర్చీలో కూర్చున్నవానికి ఆ వార్త చెప్పవలసినది ముఖ్యముగా తెరయు, ధ్వనియు. కావుననే చక్రపు వేగమునకును, నేలపై కారు వేగమునకును గల భేదమును బట్టి పొగను పుట్టింతురు. ఆ మొదటి తెర ఆలస్యమైనచో ఆటగాడు మోసపోవును.

పందెము ముగిసిన పిదప దానిని మరల చూపునపుడు ఈ జంకు లేదు. అప్పుడు ఎవరి చేతను స్టీరింగు ఉండదు గదా; పొగను ధారాళముగా వదలవచ్చును.