రెండు ఉప్పెనల నడుమ కెమెరా

1864 నవంబరు 1 రాత్రి బందరు (మచిలీపట్నం) మీదికి విరుచుకుపడిన సముద్రం దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది బలయ్యారు. ఈ రెంటి మధ్య 113 ఏళ్లలో కృష్ణా డెల్టాలో మారినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో చరిత్ర పుస్తకాలు అంతగా పట్టించుకోని మార్పు ఒకటుంది. మామూలు మనిషికి ఫొటో దిగే యోగం పట్టింది. మొదటి ఉప్పెనలో కొట్టుకుపోయిన కలంకారీ పనివాడి ఇంట్లో, పల్లెకారు గుడిసెలో ఫొటో అనే వస్తువే లేదు. రెండో ఉప్పెన నాటికి కాస్త కలిగిన ప్రతి ఇంటి గోడకూ ఒక పెళ్లి ఫొటో, పెద్దాయన పటం వేలాడుతున్నాయి. కెమెరా దొరల బంగళా నుంచి రైతు ఇంటిదాకా నడిచి వచ్చింది ఈ మధ్యకాలంలోనే.

తడి పలక, పొడి పలక

1839లో ఫ్రాన్సులో ఫొటో తీసే డాగేర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. వెండి పూత పెట్టిన రాగిరేకు మీద బొమ్మ అద్భుతంగా పడేది కాని, ఆ ఒక్కటే బొమ్మ. దానికి నకలు తీయడం కుదిరేది కాదు. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలక మీద కొలోడియన్ పూసి నెగెటివ్ తయారుచేశాడు. ఒక్క పలక నుంచి ఎన్ని కాపీలైనా వేసుకోవచ్చు. అయిదేళ్లకే, 1856లో, మద్రాసులో ఫొటోగ్రఫిక్ సొసైటీ ఏర్పడింది.

అయితే ఆ పలక మీద పూసిన పూత తడి ఆరకముందే ఫొటో తీయాలి, ఆరకముందే కడగాలి. ఉన్న వ్యవధి పది, పదిహేను నిమిషాలు. మన ఎండల్లో అంత కూడా చిక్కదు. అందుకే ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం, గాజుపలకలు, రసాయనాలు, నీళ్లు, మోసేవాళ్లు వెంట ఉండాల్సిందే. అంత ఖర్చుతో తీసేది గుళ్లను, కోటలను, అధికారులను. వరిచేలో మనిషి కోసం ఎవరూ గుడారం వేయలేదు.

1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పూత పలకను ప్రతిపాదించాక కథ మలుపు తిరిగింది. పొడి పలకలను పెట్టెల్లో కొని దాచుకోవచ్చు, తీసిన కొన్నాళ్లకు తీరిగ్గా కడుక్కోవచ్చు. ఫొటో తీయడం ఊళ్లో కొట్టు పెట్టుకుని బతకదగిన వృత్తి అయింది. ఆ వృత్తిని పట్టుకుని పైకి వచ్చినవాళ్లలో ఒక బందరు బిడ్డ ఉన్నాడు.

బందరు నుంచి మౌంట్‌రోడ్డుకు

రఘుపతి వెంకయ్య నాయుడు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. తెలుగు సినిమా పితామహుడిగా ఆయన పేరు అందరికీ తెలుసు. ప్రభుత్వం 1980లో ఆయన పేరిట పురస్కారం నెలకొల్పింది. ఆయన జీవితానికి పునాది మాత్రం కదలని ఫొటో. చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఫొటోగ్రఫీలో చెయ్యి తిరిగి, మౌంట్‌రోడ్డులో సొంత స్టూడియో పెట్టారు. 1910 ప్రాంతంలో, సాఫీగా సాగుతున్న ఆ స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ తెప్పించారు. కదిలే బొమ్మలకు గ్రామఫోను పలకల శబ్దం జోడించే యంత్రం అది. దాన్ని వెంటబెట్టుకుని బర్మా, సింహళం దాకా తిరిగి ప్రదర్శనలు ఇచ్చారు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. కొడుకు రఘుపతి సూర్యప్రకాష్‌ను సినిమా పని నేర్చుకోవడానికి విదేశానికి పంపారు. ఆ తండ్రీకొడుకుల స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ నుంచే 1921లో మూకీ చిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చింది. మనుషుల ముఖాల మీద వెలుగునీడలు ఎలా పడతాయో స్టూడియోలో ఏళ్ల తరబడి చూసిన కన్ను ఆయనది. తెలుగు సినిమా పుట్టుకలో ఆ కన్నుకు దక్కాల్సిన గౌరవం ఇంకా మిగిలే ఉంది.

గుడ్డ ముసుగు కింద

వెంకయ్య తరం తర్వాత డెల్టా పట్టణాల స్టూడియోల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలింది చెక్క కెమెరా. మూడు కాళ్ల స్టాండు, ముందుకూ వెనక్కూ సాగే తోలు తిత్తి, వెనక గరుకు గాజు. నల్లగుడ్డ ముసుగు వేసుకుని చూస్తే ఎదుట కూర్చున్నవాళ్లు తలకిందులుగా కనిపిస్తారు. ఫోకస్ కుదిరాక ఫొటోగ్రాఫర్ బయటికి వచ్చి, 'కదలొద్దు' అని హెచ్చరించి, లెన్సు మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. పాత పటాల్లో మన తాతలు బిగుసుకుని కనిపించడానికి కారణం కోపం కాదు. నవ్వును అన్ని క్షణాలు కదలకుండా నిలపడం కష్టం.

ఇలాంటి కెమెరాలు మొదట విదేశాల నుంచి వచ్చేవి. 1940లలో కేరళలోని ఆలప్పుళలో కె. కరుణాకరన్ 'వాగీశ్వరి' కెమెరా తయారుచేశారు. ఆ ఇంట్లో అంతకుముందు నడిచింది హార్మోనియం మరమ్మతు పని. తిత్తి కట్టడం, చెక్క బిగించడం తెలిసిన చేతులకు ఈ కొత్త పని వెంటనే పట్టుబడింది. వాగీశ్వరి దేశమంతటా స్టూడియోలకు చేరింది.

ఫొటో తీసిన తర్వాత అసలు పని డార్క్‌రూమ్‌లో మొదలయ్యేది. ఎర్రబల్బు వెలుగులో డెవలపర్, ఆ తర్వాత హైపో, చివర నీళ్లలో కడగడం. ఆరిన నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసి మొటిమలు, మశూచి మచ్చలు మాపేవారు. నలుపు తెలుపు ప్రింటు మీద పెదవులకు ఎరుపు, నగలకు పసుపు చేత్తో దిద్దేవారు. ఈ పనితనం ఏ యంత్రం పేరుతోనూ నమోదు కాలేదు.

రెండు కళ్ల కెమెరా, పన్నెండు బొమ్మలు

1929లో జర్మనీలో వచ్చిన రోలీఫ్లెక్స్ రెండు కళ్ల కెమెరాలకు దారి వేసింది. పై లెన్సుతో చూడటం, కింది లెన్సుతో తీయడం. కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనున్న గాజులోకి చూస్తూ మీట నొక్కాలి. జపానువాళ్ల యాషికా మ్యాట్ 1957లో వచ్చింది. ఇలాంటి కెమెరాల వల్ల ఫొటోగ్రాఫర్ స్టూడియో దాటి పెళ్లిపందిట్లోకి నడిచి రాగలిగాడు. ఒక్కో రీలుకు పన్నెండు బొమ్మలే. జీలకర్రబెల్లానికి ఒకటి, తాళికి ఒకటి, తలంబ్రాలకు ఒకటి అని ముందే లెక్క వేసుకోవాలి.

అదే 1957లో 'మాయాబజార్' విడుదలైంది. మార్కస్ బార్‌ట్లే కెమెరా ముందు కృష్ణుడిగా నిలిచిన ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, అభిమన్యుడైన అక్కినేనిది రామాపురం, సంగీతం నడిపిన ఘంటసాలది చౌటపల్లి. మూడూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్లే. తమ ప్రాంతపు కుర్రాళ్లు తెరమీద వెలుగుతున్న కాలంలో ఇక్కడి యువతరం స్టూడియోకు వెళ్లి అదే దువ్వుడుతో, అదే నిలుపుతో ఫొటో దిగడంలో వింతేముంది!

ఇంటింటికీ కెమెరా అనే ఆశను నిజం చేసింది ఆగ్ఫా క్లిక్ త్రీ. జర్మన్ పేరే అయినా మనకు అందినది వడోదరలో తయారైంది. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, దగ్గరి ఫొటోకు ఒకటి. నేర్చుకోవాల్సింది అంతే. ఇందులోనూ చదరపు బొమ్మలు పన్నెండు పడేవి. 1960లో ప్రభుత్వం ఊటీలో హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. దాని 'ఇందు' ఫిల్ము పట్టణాల్లో దొరికేది. ఇంటి అరుగు, కొత్త ఎడ్లజత, పాలవెల్లి కింద వినాయకుడు, లంగావోణీ వేసిన పిల్ల... స్టూడియో ఎన్నడూ చూడని బతుకంతా ఈ చిన్న కెమెరాల్లోకి వచ్చింది.

నీళ్లు ఎత్తుకుపోయినవి

1977 ఉప్పెన దృశ్యాలు లోకానికి తెలిసింది పత్రికల నలుపు తెలుపు ఫొటోల ద్వారా. అప్పట్లో తీసిన ఫొటో తీసినచోటే కనిపించేది కాదు. తెగిన దారుల్లో రీలును బయటికి మోసుకెళ్లి, కడిగి, ప్రింటు వేసి, అచ్చుకు ఎక్కించాలి. ఆ శ్రమతోనే పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి దివిసీమ ఊళ్ల పేర్లు దేశానికి తెలిశాయి. ఆ ఫొటోల్లో ఉన్నది మృత్యువు. ఆ మనుషులు బతికుండగా దిగిన ఫొటోలు ఇళ్లతోపాటే పోయాయి. పోయినవాళ్ల ముఖాన్ని పిల్లలకు చూపడానికి ఏమీ మిగలని కుటుంబాలు ఎన్నో.

ఉప్పెన రాకపోయినా ఉప్పుగాలి తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఫిల్ము మీది జెలటిన్ తేమను పీల్చి బూజుకు ఆహారమవుతుంది. పటం కట్టిన ఫొటో అద్దానికి అతుక్కుంటుంది. దాన్ని పీకితే ముఖమే ఊడివస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయించడం మేలు. నెగెటివ్‌లను ప్లాస్టిక్ సంచుల్లో కుక్కకుండా మంచి కాగితపు కవర్లలో, పొడిగా ఉండే చోట పెట్టాలి. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, ఏడాది రాయాలి. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.

పాత కెమెరాలను కొని అద్దాల బీరువాల్లో పెట్టుకునే అభిరుచి ఇప్పుడు పెరిగింది. మంచిదే. కాని క్లిక్ త్రీ మరొకటి ఎక్కడైనా దొరుకుతుంది. దానితో కోడూరులోనో నాగాయలంకలోనో తీసిన నెగెటివ్ లోకంలో ఒక్కటే ఉంటుంది. మూతపడ్డ స్టూడియోల అటకల మీద అలాంటివి డబ్బాల కొద్దీ ఉంటాయి. బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలలు ముందుకు వచ్చి, విద్యార్థులను ఆ ఇళ్లకు పంపి, వాటిని స్కాన్ చేయించి, పేర్లతో సహా భద్రపరచాలి. ఒక్క జిల్లా తలుచుకుంటే అయ్యే పని ఇది. రఘుపతి వెంకయ్య పుట్టిన ఊరే దీన్ని మొదలుపెట్టాలి.